స్టింగ్‌రే రంగు ఎందుకు తగ్గుతుంది, తిరిగి ఎలా రప్పించాలి: గోదావరి జిల్లాల పెంపకందారులకు

కొట్లో చూసినప్పుడు నల్లగా నిగనిగలాడిన స్టింగ్‌రే ఇంటికొచ్చిన వారానికే బూడిద పూసినట్టు కనిపిస్తే, చాలామంది వెంటనే రంగు పెంచే మేత కోసం వెతుకుతారు. నిజానికి అది అన్నిటికంటే ఆఖరున చూడాల్సిన సంగతి. ఈ చేప రంగు పుట్టుక మీద, నీళ్ల మీద, కింద ఉన్న నేల మీద, పైనుంచి పడే వెలుగు మీద, తిండి మీద ఆధారపడుతుంది. నేల ప్రభావం రోజుల్లో కనిపిస్తుంది. తిండిది కనిపించడానికి నెలలు పడుతుంది. పుట్టుకతో వచ్చింది ఎన్నేళ్లు పెంచినా మారదు. నీళ్లు పాడైతే మాత్రం మిగతావేవీ పనిచేయవు. అందుకే కింద చెప్పిన వరసలోనే వెళ్లండి, ఒక్కొక్కటే మార్చండి. నాలుగూ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో, ఏది చెడగొట్టిందో తేల్చుకోలేరు.

అది మన టేకు కాదు

అంతర్వేది, ఓడలరేవు, యానాం వలల్లో పడే టేకు చేపకు, అంటే సముద్రపు స్టింగ్‌రేకు, ఇది దూరపు చుట్టం. అక్వేరియాల్లో పెంచే పొటమోట్రైగాన్ జాతులు మాత్రం దక్షిణ అమెరికా నదులవి. వీటి పూర్వీకులు కోట్ల ఏళ్ల కిందటే సముద్రాన్ని వదిలేశాయి. ఒంట్లో యూరియా నిలవుంచుకుని ఉప్పునీటిని తట్టుకునే శక్తి వీటికి ఇప్పుడు లేదు. పులసలా సముద్రానికీ గోదారికీ మధ్య తిరిగే చేప కాదిది. కోనసీమ తీరం వైపు బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి కదా, టేకు జాతే కాబట్టి తట్టుకుంటుందిలే అని ఆ నీళ్లు పోస్తే ముందు పోయేది రంగు, తర్వాత పోయేది చేప.

మీ దగ్గర ఉన్నది ఏ జాతో మొదట తేల్చుకోండి. మోటోరోకు గోధుమ రంగు ఒంటి మీద నల్లటి అంచున్న నారింజ, పసుపు కళ్లలాంటి మచ్చలుంటాయి. లియోపోల్డిది బ్రెజిల్‌లోని షింగూ నది. నల్లటి ఒళ్లు, తెల్లటి చుక్కలు. మన దగ్గర దీన్ని బ్లాక్ డైమండ్ అని అమ్ముతారు. హెన్లై చూడ్డానికి దానిలాగే ఉన్నా నలుపు అంత చిక్కగా ఉండదు. ఈ రెంటికీ పుట్టిన సంకరాలు, మోటోరోతో కలిపి తీసిన సంకరాలు మార్కెట్లో చాలా ఉన్నాయి. హెన్లై రక్తం ఉన్న పిల్లను లియోపోల్డి ధరకు కొని, నల్లబడటం లేదని నీళ్లనూ మేతనూ తిట్టుకుంటే లాభం లేదు. టీకప్ రే అని అమ్మే చిన్న చేప కూడా ఒక జాతి పేరు కాదు. అది పిల్ల, అంతే. పెద్దదయ్యాక టీ కప్పులో కాదు, పెద్ద పళ్లెంలోనూ పట్టదు.

చుక్కల అమరిక జన్యువుల్లో ఉంటుంది. పిల్లగా ఉన్నప్పటి చుక్కలు పెరిగేకొద్దీ సాగుతాయి, కొన్ని విడిపోతాయి, అంచుల్లో కొత్తవి తేలతాయి. పళ్లెంలాంటి ఒంటి వెడల్పు 25–30 సెంటీమీటర్లకు వచ్చేదాకా అసలు రూపం తెలియదు. మేత వల్ల చుక్కలు పుట్టవు, లైటు వల్ల గుండ్రంగా మారవు. కాబట్టి కొనేటప్పుడే తల్లిదండ్రుల ఫోటోలు అడగండి. కొట్లో నీలం, గులాబీ లైట్లు ఆర్పించి మామూలు తెల్ల వెలుగులో చూడండి. మీ ఎదురుగా మేత వేయించి, తిన్న చేపనే తీసుకోండి.

కాగితాల సంగతి కూడా ఇక్కడే. 2022 నవంబరులో పనామాలో జరిగిన సైటీస్ (వన్యజాతుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే ఒప్పందం) సదస్సు లియోపోల్డి, హెన్లై, జబుటితో కలిపి 7 పొటమోట్రైగాన్ జాతుల్ని అనుబంధం 2లో చేర్చింది. మన వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణతో సైటీస్ జాతులకు ప్రత్యేక షెడ్యూలు వచ్చింది. ఆ జాతుల్ని పెంచేవాళ్లు కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించుకోవాలి. బిల్లు, పెంపకంలో పుట్టిన చేప అనే ధ్రువపత్రం లేకుండా కొనకండి.

రంగు ఎలా మారుతుందంటే

చర్మంలో మెలనోఫోర్లనే నల్లరంగు కణాలుంటాయి. వాటిలోని రంగు రేణువులు కణమంతా పరుచుకుంటే చేప నల్లగా, మధ్యకు ముద్దగా చేరితే పాలిపోయినట్టు కనిపిస్తుంది. చాలా ఎముకల చేపల్లో ఈ పనిని నరాలు కూడా చేస్తాయి కాబట్టి అవి చూస్తుండగానే రంగు మారుస్తాయి. రేలలో, అంటే స్టింగ్‌రే జాతి చేపల్లో, ఈ పని ప్రధానంగా పిట్యూటరీ గ్రంథి వదిలే ఎంఎస్‌హెచ్ హార్మోను మీద నడుస్తుంది. అది రక్తంలో కలిసి చర్మం దాకా వెళ్లి పనిచేయాలి. అందుకే వీటి రంగు గంటల్లో, రోజుల్లో కదులుతుంది. పొద్దున చేసిన మార్పుకు సాయంత్రం ఫలితం చూడాలనుకోకండి.

మొదటి పని: ఇది రంగు తగ్గడమా, జబ్బా?

చేపను చేత్తో తిప్పి చూడకండి. తోక మీది ముల్లు రంపంలా ఉంటుంది, దాని మీద విషం ఉంటుంది. గుచ్చుకుంటే చేతిని చర్మం కాలనంత వేడి, అంటే 45 డిగ్రీలకు మించని నీళ్లలో 30 నుంచి 90 నిమిషాలు ఉంచుతూ ఆసుపత్రికి వెళ్లాలి. నొప్పి తగ్గినా వెళ్లాలి. ముల్లు ముక్క లోపల ఉండిపోతే పుండు పడుతుంది. చేపను పట్టాల్సి వస్తే వల వాడొద్దు, ముల్లు చిక్కుకుపోతుంది. ప్లాస్టిక్ టబ్బులోకి నీళ్లతో సహా తోలుకోండి. పొట్ట చూడాలంటే, అది అద్దం మీదకు ఎగబాకినప్పుడు టార్చి వేస్తే చాలు.

చూడాల్సినవి ఇవి. ఒళ్లంతా రంగు సమానంగా తేలికపడి, తిండి మామూలుగా తింటూ, ఇసుకలో దూరుతూ ఉంటే అది పరిసరాలకు తగ్గ రంగు మార్పే, కంగారు లేదు. పొట్ట కింద ఎర్రటి చారలు, మరకలు కనిపిస్తే అమ్మోనియా కాల్చిందనో బాక్టీరియా పట్టిందనో అర్థం. ఒంటి మీద పాలపొర కట్టినట్టుంటే చర్మం మీది జిగురు ఎక్కువగా ఊరుతోంది, నీళ్లలో ఏదో గుచ్చుతోంది. ఒకేచోట తెల్లటి మచ్చ తేలితే హీటరు కాల్చి ఉండాలి. గుండ్రటి పాలిన మచ్చలు అక్కడక్కడా ఉంటే సక్కర్ చేప పని. కాలువల్లో దొరుకుతోంది కదా, అద్దం శుభ్రం చేస్తుందని దాన్ని తెచ్చి వేసేవాళ్లున్నారు. అది రాత్రిపూట రే వీపుకు అతుక్కుని జిగురు గీకేస్తుంది. ఆ గాయంలో బూజు పడుతుంది. వెంటనే తీసేయండి, కానీ తిరిగి కాలువలో మాత్రం వదలకండి.

తోక మొదట్లో తుంటి దగ్గర రెండు గుబ్బలు పైకి తేలితే చేప పస్తులుంటోంది. ఆ పాలిపోవడానికి మందు తిండే. అన్నిటికంటే ప్రమాదకరమైంది, ఒంటి అంచులు అప్పడం వేగినట్టు పైకి ముడుచుకోవడం. అది కనిపిస్తే ఏమీ ఆలోచించకుండా అదే ఉష్ణోగ్రతలో ఉన్న, క్లోరిన్ లేని నీళ్లతో సగం మార్చి గాలి పెంచండి. పరీక్షలు తర్వాత.

నీళ్లు

గోదావరి జిల్లాల్లో చాలావరకు రంగు కథ ఇక్కడే తేలిపోతుంది. మీకున్న వెసులుబాటు ఏమిటంటే, భీమవరం, ఆకివీడు, కైకలూరు, అమలాపురం చుట్టూ రొయ్యల చెరువుల కోసం పెట్టిన నీటి పరీక్షల ల్యాబులున్నాయి. ఒక లీటరు సీసాలో నీళ్లు నింపి ఇస్తే పీహెచ్, అమ్మోనియా, నైట్రైట్, ఆల్కలినిటీ (పీహెచ్ జారిపోకుండా ఆపే గుణం), హార్డ్‌నెస్, ఉప్పదనం చెబుతారు. ట్యాంకు నీళ్లొక సీసా, మీరు మార్చడానికి వాడే నీళ్లొక సీసా, రెండూ ఇవ్వండి. ఒక జాగ్రత్త: వనామీ రొయ్యకు బాగుందన్న రిపోర్టు రే చేపకు బాగున్నట్టు కాదు. చెరువులో పీహెచ్ 8 దాటినా, ఉప్పు ఉన్నా వాళ్లకు పర్వాలేదు.

మీకు కావాల్సిన అంకెలు: ఉష్ణోగ్రత 26 నుంచి 29 డిగ్రీలు, పీహెచ్ 6.8 నుంచి 7.5, అమ్మోనియా సున్నా, నైట్రైట్ సున్నా, నైట్రేట్ 20 పీపీఎం (లీటరుకు మిల్లీగ్రాములు) లోపు, టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల మొత్తం) 300 లోపు, ఆల్కలినిటీ 50 నుంచి 80 పీపీఎం.

పీహెచ్‌ను ఎందుకు పట్టించుకోవాలంటే, అమ్మోనియా విషమయ్యేది దాన్ని బట్టే. 30 డిగ్రీల నీళ్లలో పీహెచ్ 7 ఉంటే మొత్తం అమ్మోనియాలో విషరూపంలో ఉండేది 1 శాతం లోపు. 8 దగ్గర 7 శాతం దాటుతుంది, 8.5 దగ్గర దాదాపు 20 శాతం. అంటే అదే 0.5 పీపీఎం రీడింగు ఒక ఇంట్లో ఏమీ చేయదు, పక్క ఊళ్లో పొట్ట ఎర్రబరుస్తుంది.

బోరు నీళ్ల టీడీఎస్ ఎక్కువగా ఉంటే ఆర్‌వో నీళ్లు కలపాలి. లెక్క సులువు. మీ నీళ్లు 800, ఆర్‌వో ప్లాంటు నీళ్లు 40, కావాల్సింది 250 అనుకోండి. 800లోంచి 250 తీసేస్తే 550. 800లోంచి 40 తీసేస్తే 760. 550ని 760తో భాగిస్తే 0.72. అంటే 100 లీటర్లలో 72 లీటర్లు ఆర్‌వో, 28 లీటర్లు మీ నీళ్లు. వారానికి 400 లీటర్లు మార్చేవాళ్లకు సుమారు 290 లీటర్లు, అంటే 20 లీటర్ల టిన్నులు 14 నుంచి 15. పెద్ద ట్యాంకుకు ఈ ఖర్చు కంటే ఇంట్లోనే ఒక ఆర్‌వో యూనిట్ పెట్టుకుని రాత్రంతా డ్రమ్ములోకి వదలడం మేలు.

మొత్తం ఆర్‌వో నీళ్లే పోస్తే ఇంకో తప్పు. అందులో ఆల్కలినిటీ లేదు కాబట్టి రెండు మూడు వారాల్లో పీహెచ్ ఒక్కసారిగా జారిపోతుంది, ఫిల్టర్‌లోని మంచి బాక్టీరియా నెమ్మదిస్తుంది, చేప మూలకు చేరి పాలిపోతుంది. 100 లీటర్లకు 1 గ్రాము వంటసోడా వేస్తే ఆల్కలినిటీ 6 పీపీఎం పెరుగుతుంది. 20 ఉన్నదాన్ని 50కి తేవాలంటే 100 లీటర్లకు 5 గ్రాములు. నేరుగా ట్యాంకులో పోయకండి, మార్చే నీళ్లలో ముందే కలపండి.

పంచాయతీ కుళాయి నీళ్లలో బ్లీచింగ్ ఉంటుంది. ఆ క్లోరిన్‌ను పోగొట్టే సోడియం థయోసల్ఫేట్ ఆక్వా మందుల షాపుల్లో గడ్డలుగా దొరుకుతుంది. 1 పీపీఎం క్లోరిన్ ఉన్న 400 లీటర్లకు 3 గ్రాములు చాలు. కలిపి అరగంట గాలి పట్టించండి. ఆ షాపులోనే దొరికే మిగతా మందులు మాత్రం రే ట్యాంకు దగ్గరకు రానివ్వకండి. మైలుతుత్తం అసలే వద్దు. రేలకు రాగి బొత్తిగా పడదు. ఇదే కారణంతో చెరువుల మధ్య నుంచి వచ్చే బోదె నీళ్లు, వరి చేలకు పురుగుమందు కొట్టే రోజుల్లో పంట కాలువ నీళ్లు చూడ్డానికి ఎంత తేటగా ఉన్నా వాడొద్దు.

ఫిల్టర్ విషయంలో ఉదారంగా ఉండండి. పెరిగిన మోటోరో 50–60 సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది. దానికి 240 సెంటీమీటర్ల పొడవు, 120 వెడల్పు ఉన్న ట్యాంకు కనీసం. 50 సెంటీమీటర్ల నీటిమట్టంతో అది 1,440 లీటర్లు. గంటకు 7,000 నుంచి 8,000 లీటర్లు తిప్పే పంపు, 350 లీటర్లకు తక్కువ కాని ఫిల్టర్ తొట్టి కావాలి. లోతు కంటే వెడల్పు ముఖ్యం. తిరగడానికి చోటు చాలని చేప ఎప్పుడూ ఒత్తిడిలోనే ఉంటుంది, ఆ ఒత్తిడి రంగులో కనిపిస్తుంది. కొత్త ట్యాంకులో ఫిల్టర్ బాక్టీరియాను పెంచడానికి వేసిన 2 పీపీఎం అమ్మోనియా 24 గంటల్లో సున్నా అయ్యేదాకా, అంటే నాలుగు నుంచి ఆరు వారాలు, చేపను తేవద్దు.

మన పెరట్లో రాలే బాదం ఆకు సంగతి. పూర్తిగా పండి ఎండిన ఆకుల్ని కడిగి, 100 లీటర్లకు రెండు మూడు చొప్పున వేస్తే నీళ్లు టీ డికాక్షన్ రంగుకు వస్తాయి, వెలుగు మెత్తబడుతుంది, చేప తొందరగా కుదురుకుంటుంది. మెత్తటి నీళ్లలో పీహెచ్ కాస్త దిగుతుంది. ఆల్కలినిటీ 200 ఉన్న బోరు నీళ్లలో ఎన్ని ఆకులు వేసినా పీహెచ్ కదలదు, రంగు మాత్రమే వస్తుంది. పచ్చి ఆకులు, రోడ్డు పక్క దుమ్ము పట్టిన ఆకులు వద్దు.

కింద నేల

నీళ్లు కుదిరి రెండు వారాలు నిలబడ్డాక నేల చూడండి. తెల్ల టైలు ముక్కలు, తెల్ల గులకరాళ్లు, ఖాళీ అద్దం కింద తెల్ల థర్మాకోల్, వీటిలో ఏదున్నా రే రంగు తేలికపడుతుంది. అది తప్పు కాదు, కింద కనిపించే రంగుతో కలిసిపోవడం దాని స్వభావం. నేలను ముదురు చేస్తే గంటల్లో మార్పు మొదలై, మూడు నుంచి ఏడు రోజుల్లో స్థిరపడుతుంది. ముదురు నేల మీద వారాల తరబడి ఉంటే రంగు కణాలు కూడా పెరిగి ఆ ముదురు నిలుస్తుంది.

లియోపోల్డికి తేలికైన దారి: ట్యాంకు ఖాళీగా ఉన్నప్పుడే అడుగు అద్దం కింద నల్ల రబ్బరు షీటు, వెనకా పక్కలా బయటి నుంచి నల్ల ఫ్లెక్స్. లోపల ఏమీ పరచకపోయినా రంగు బాగా వస్తుంది, శుభ్రం చేయడం కూడా తేలిక. కానీ ఇసుకలో దూరడం ఈ చేపకు ఊపిరి పీల్చినంత సహజం. చోటుంటే ఇసుక వేయండి.

ఏ ఇసుక? గోదావరి ఇసుక చక్కగా పనికొస్తుంది. రవ్వ జల్లెడలోంచి దిగింది తీసుకుని, మళ్లీ మైదా జల్లెడలో పడితే పైన నిలిచిందే మీకు కావాల్సిన సైజు. తట్టల్లో పోసి నీళ్లు తేటగా వచ్చేదాకా కడగండి. గుప్పెడు ఇసుక మీద నిమ్మరసమో వెనిగరో పోస్తే బుసబుసమని పొంగిందా, అందులో గుల్ల ముక్కలున్నాయి, పీహెచ్ పెంచుతాయి, వద్దు. 240 × 120 ట్యాంకులో 3 సెంటీమీటర్ల మందానికి సుమారు 130 కిలోలు పడుతుంది. మోటోరోకు ఈ గోధుమ రంగు ఇసుకే అందం. కటిక నలుపు మీద పెడితే దాని ఒళ్లు కూడా ముదిరి నారింజ మచ్చలు మసకబారినట్టుంటాయి.

నల్లగా ఉంది కదా అని రోబో శాండ్, క్రషర్ డస్ట్ వేయొద్దు. పగలగొట్టిన రాయి కాబట్టి ప్రతి రేణువుకూ పదునైన అంచుంటుంది. పొట్ట గీసుకుపోయి, వారంలో ఎర్రబడి, అది నీటి జబ్బనుకుని మందులు పోయడం మొదలవుతుంది. సముద్రపు ఒడ్డున దొరికే నల్ల ఇసుక ఉప్పుతో, గుల్లతో వస్తుంది, అదీ వద్దు.

వెలుగు

ఇక్కడ రెండు సంగతులు కలిసిపోతుంటాయి: చేప రంగు మారడం, మన కంటికి కనిపించే రంగు మారడం. నీలం లైటు కింద నలుపు మరింత చిక్కగా, తెల్ల చుక్కలు మెరుస్తూ కనిపిస్తాయి. లైటు ఆర్పితే చేప ఎలా ఉందో అలాగే ఉంటుంది. మీరు రోజూ చూసుకోవడానికి 6500 కెల్విన్ తెల్ల ఎల్‌ఈడీ వాడండి. పైన చెప్పిన ట్యాంకుకు 20 నుంచి 30 వాట్లు సరిపోతుంది. 8 గంటలు టైమర్ మీద పెట్టండి. సగం ట్యాంకు నీడలో ఉండాలి. వెలుగు మరీ ఎక్కువైతే చేప మూలకు చేరి, తిండి తగ్గించి, పాలిపోతుంది. చీకట్లో చటుక్కున లైటు వేయకండి, ముందు గదిలో దీపం వేసి పది నిమిషాలాగి ట్యాంకు లైటు వెలిగించండి.

ఎండ కూడా రంగు పెంచగలదు. హవాయిలో సుత్తితల సొరచేప పిల్లలు లోతు తక్కువ చెరువుల్లో ఎండకు చర్మం నల్లబడ్డాయని 1996లో ప్రచురించారు. మన దగ్గర దాన్ని అనుకరించి ట్యాంకును మేడ మీద పెడితే మే నెలలో ఉడికిపోతుంది. కిటికీలోంచి ఉదయపు వెలుగు కాసేపు పరోక్షంగా తగిలితే చాలు.

మేత

తిండితో వచ్చేది పసుపు, నారింజ ఛాయలే. ఆ ఛాయలనిచ్చే కెరోటినాయిడ్లను ఏ చేపా సొంతంగా తయారుచేసుకోలేదు, తిండిలోంచే రావాలి. నలుపు తిండితో రాదు, తెల్ల చుక్కలకు తెలుపూ రాదు. కాబట్టి లియోపోల్డికి రంగు మేత కొనడం డబ్బు దండగ. మోటోరోకు కొంత ఉపయోగం ఉంది, అది కూడా నెలా రెండు నెలలు ఆగితే.

ఆ కెరోటినాయిడ్ల కోసం డబ్బాలు కొనక్కర్లేదు. రొయ్య పెంకులో అస్టాజాంథిన్ అనే కెరోటినాయిడ్ ఉంటుంది, రొయ్యకు మనకు కరువా. తల మీది ముల్లు తుంచేసి, పెంకుతోనే ముక్కలు చేసి, చిన్న చేపకు మెత్తగా, పెద్దదానికి మొత్తంగా వేయండి. ఐస్‌లో పెట్టి అమ్మే రొయ్యకు నల్లబడకుండా మెటాబైసల్ఫైట్ పట్టించి ఉండొచ్చు, మూడు నాలుగుసార్లు కడగండి. మందులు కొట్టి, జబ్బు చేసి తొందరగా పట్టేసిన చెరువు రొయ్య వద్దు. పట్టుబడి ఎక్కడిదో అడిగి కొనండి. వారం రోజులు డీప్ ఫ్రీజర్‌లో ఉంచి వాడితే పరాన్నజీవుల భయం తగ్గుతుంది.

ఒక్క రొయ్యే నెలల తరబడి పెట్టకండి. వారంలో మూడు రోజులు రొయ్య, రెండు రోజులు ముళ్లు తీసిన తిలాపియా ముక్కలు, ఒకరోజు వానపాములు, ఒకరోజు మునిగే గుళికల మేత. కార్ప్ కుటుంబంలోని చాలా చేపల పచ్చి మాంసంలో థయమినేజ్ అనే ఎంజైము ఉంటుంది, అది బి1 విటమిన్‌ను విరగ్గొడుతుంది. అందుకే బొచ్చె, శీలావతి ముక్కలు రోజూ వద్దు, గోల్డ్‌ఫిష్ అసలే వద్దు. వానపాములు వర్మీకంపోస్టు షెడ్డు నుంచి తెచ్చుకోండి, పురుగుమందు కొట్టిన చేను గట్టు మీదవి కాదు. ఒక రాత్రి తడిగుడ్డలో ఉంచితే కడుపు ఖాళీ చేసుకుంటాయి.

పిల్లలకు రోజుకు మూడుసార్లు, పెద్దవాటికి ఒకటి రెండుసార్లు, పది నిమిషాల్లో తినేంత. మిగిలింది వెంటనే తీసేయండి. మిగిలిపోయిన రొయ్య ముక్క మర్నాటికి అమ్మోనియా అవుతుంది, రంగు కోసం వేసిందే రంగు తీస్తుంది. పది రోజుల్లో రంగు గ్యారంటీ అని చెప్పే పేరులేని పొడులు కొనకండి. అలంకార చేపలకు హార్మోన్లు కలిపి రంగు తెప్పించే అలవాటు కొందరికి ఉంది. అలా వచ్చిన రంగు మందు ఆపగానే పోతుంది, చేప సంతానశక్తి కూడా దెబ్బతింటుంది.

మార్పు వచ్చిందో లేదో ఎలా తెలుసుకోవాలి

రోజూ చూసే కంటికి మెల్లటి మార్పు తెలియదు. వారానికి ఒకసారి, అదే రోజు, అదే గంటకు, లైటు వేసి రెండు గంటలయ్యాక పైనుంచి ఫోటో తీయండి. ట్యాంకు అంచున ఒక తెల్ల కాగితం కూడా ఫ్రేములోకి రావాలి. ఫోను కెమెరా రంగుల్ని తనకు తోచినట్టు సర్దుతుంది కాబట్టి, ఆ కాగితం రెండు ఫోటోల్లో ఒకేలా ఉంటేనే చేపను పోల్చండి. రాత్రి లైటు ఆర్పాక తీసినవి లెక్కలోకి తీసుకోవద్దు, చీకట్లో రంగు వేరుగా ఉంటుంది. పక్కనే నీటి రీడింగులు, ఆ వారం మార్చింది ఏమిటో రాసుకోండి. కొత్తగా తెచ్చిన చేపకు మూడు వారాలు ఏమీ చేయకుండా కుదురుకునే వ్యవధి ఇవ్వండి.

మన ఏడాదిలో జాగ్రత్తపడాల్సిన రోజులు

వేసవిలో కాలువలు కట్టేస్తారు. అప్పటిదాకా కాలువ నీళ్ల మీద నడిచిన కుళాయిలు కొన్ని ఊళ్లలో చెరువు నీళ్లకో బోరుకో మారతాయి. వాసన, రుచి మనకు తెలిసేలోపే టీడీఎస్ రెండింతలై ఉంటుంది. ఏప్రిల్ నుంచి ప్రతిసారీ మీటరు పెట్టి చూశాకే నీళ్లు మార్చండి. అదే రోజుల్లో ట్యాంకు 33, 34 డిగ్రీలకు పోతుంది. 28 డిగ్రీల నీళ్లు లీటరుకు 7.8 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకుంటే 34 దగ్గర 7.1 మాత్రమే పట్టుకుంటాయి, చేపకు అవసరం మాత్రం పెరుగుతుంది. నీటి మీదకు ఫ్యాను పెడితే రెండు డిగ్రీలు దిగొచ్చు, కానీ మన ఉక్కపోతలో అంతకంటే ఆశించకండి. గదికి ఏసీయో, ట్యాంకుకు నీళ్లు చల్లబరిచే చిల్లర్ యంత్రమో ఉండాలి. ఐస్ సీసాలు వేయాల్సి వస్తే గంటకు ఒక డిగ్రీకి మించి దించకండి.

జూలై, ఆగస్టుల్లో ఎర్రనీరు వస్తుంది. తేర్చడానికి పటిక వేసిన నీళ్లలో పీహెచ్, ఆల్కలినిటీ రెండూ పడిపోతాయి. ఆ నీళ్లను డ్రమ్ములో రెండు రోజులు నిలవుంచి, పై తేట మాత్రమే తీసి, ఆల్కలినిటీ చూసి వంటసోడాతో సరిచేశాక వాడండి. లేదంటే ఆ నెలన్నర ఆర్‌వో మీదే నడపండి.

అక్టోబరు, నవంబరు తుపాను రోజులు. కరెంటు పోతే మొదట మేత ఆపండి. 12 వోల్టుల 7 ఏహెచ్ బ్యాటరీతో 5 వాట్ల గాలి పంపు సుమారు 12 గంటలు నడుస్తుంది, అలాంటివి రెండు ఛార్జి చేసి ఉంచుకోండి. ఫిల్టర్ మీడియాను తీసి ట్యాంకులోనే గాలిరాయి పక్కన పెడితే బాక్టీరియా బతుకుతుంది. గంటల తరబడి ఆగిన ఫిల్టర్ నీళ్లు కుళ్లి ఉంటాయి, కరెంటు రాగానే అలాగే ట్యాంకులోకి వదలకండి, ఆ తొట్టి నీళ్లు పారబోసి అప్పుడు నడపండి.

డిసెంబరు, జనవరి రాత్రులు నీళ్లు 22, 23కు దిగుతాయి. చేప కదలిక తగ్గి, తిండి తగ్గి, రంగు మసకబారుతుంది. 1,440 లీటర్లకు 300 వాట్ల హీటర్లు మూడు, ఒకటి పాడైనా మిగతావి ఆదుకునేలా, ఫిల్టర్ తొట్టిలోనే పెట్టండి. ట్యాంకులోనే పెట్టక తప్పకపోతే ప్లాస్టిక్ జాలీ తొడిగి పెట్టండి. చలికి రే వెళ్లి హీటరు మీదే పడుకుంటుంది, చర్మం కాలుతున్నా కదలదు.